తప్పు కుట్టిన పుస్తకం

నా తరగతి చదువుతుంటే వీధి చివర మందుల షాపు దాకా వినిపించేది. గొప్పకి చెప్పడం లేదు, ఆ షాపాయనే అనేవాడు: "టీచరుగారూ, మీ మూడో తరగతి మొదలైతే నాకు గడియారం అక్కర్లేదండీ, పదకొండైందని తెలిసిపోతుంది" అని. నేనొక వాక్యం చదవడం, నా వెనక నలభై గొంతులు దాన్ని అందుకోవడం. ఇరవై ఏళ్ళుగా నేను చదువు చెప్పిన పద్ధతి అదొక్కటే. తనిఖీకి వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి విని, తలాడించి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు లోపలికి రాకపోవడమే నా అదృష్టమని అప్పట్లో నాకు తెలియదు.

ఆ నలభై గొంతుల్లో అన్నిటికన్నా ముందుండే గొంతు మా అమ్మాయిది. బడిలో మూడో తరగతికి గది ఒక్కటే, టీచర్ని నేనొక్కదాన్నే, కాబట్టి ఆ ఏడాది అది నా ముందే కూర్చుంది. నాకు గొంతు పట్టేసిన రోజున దాన్నే బల్ల దగ్గర నిలబెట్టి చదివించేదాన్ని. పుస్తకం తెరిచిందంటే చాలు, గడగడా గడగడా, తడుముకోవడమన్నది లేదు. స్టాఫ్ రూంలో అందరూ కలిసి దానికి గడగడమ్మ అని పేరు పెట్టేశారు. "ఏం పేరండీ అది, నవ్వొచ్చేలా" అని పైకి విసుక్కునేదాన్ని గానీ లోపల పొంగిపోయేదాన్ని. ఇంట్లోనూ అదే పేరు ఖాయమైపోయింది.

నేను చెప్పబోయేది ఆ పిల్ల మూడు పూర్తిచేసిన వేసవి సంగతి. సెలవులు నలభై ఎనిమిది రోజులు.

మా ఆయన పుస్తకాలు బైండింగ్ చేస్తారు. మా ముందుగదే ఆయన షాపు. వేసవి వచ్చిందంటే మా బడి పాత పుస్తకాలన్నీ మూటలుగా మా ఇంటికి చేరతాయి. పిల్లలు ఏడాదంతా నలిపి, తడిపి, చింపి, మీసాలు గీసి ఇచ్చిన వాటిని ఆయన విప్పి, చిరుగులు అతికించి, మళ్ళీ కుట్టి, కొత్త అట్ట వేసి బడి తెరిచేలోపు అప్పజెప్తారు. ఒక్కో పుస్తకం పదహారేసి పేజీల మడతలుగా విడిపోతుంది. ఆ మడతని ఫారం అంటారు. ఫారాలని అంకెల ప్రకారం పేర్చి ఇవ్వడం మా అత్తగారి పని. కుట్టడం ఆయన పని. మధ్యలో కూర్చుని, కుట్టిన పుస్తకాన్నల్లా తెరిచి పెద్దగా చదివి వాళ్ళిద్దరికీ వినిపించడం మా గడగడమ్మ పని.

సెలవులిచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చేతులకి జిగురు అలాగే ఉంది.

"ఒక మాట చెప్తాను, గొంతు పెంచకుండా వింటావా?"

"ముందు చెప్పండి. పెంచాలో వద్దో తర్వాత చూస్తాను."

"ఒక పుస్తకం తప్పు కుట్టాను."

"ఓస్, ఇంతేనా! విప్పి మళ్ళీ కుట్టండి. దానికి నా అనుమతెందుకు?"

ఆయన నవ్వలేదు. "తప్పు కుట్టాను, నిజమే. పిల్ల ఆ తప్పు చదవలేదు" అన్నారు.

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. ఆయన మెల్లగా విడమరిచి చెప్పారు. మూడో తరగతి పుస్తకంలో పడవవాడి పాఠం ఉంది. అందులో మధ్య రెండు పేజీలకి బొమ్మల్లేవు. ఆ ఫారం చిరిగిపోతే ఆయన అతికించి, పరధ్యానంలో మడత తిరగేసి కుట్టేశారట. దాంతో పడవ సగం దూరం వెళ్ళాక ఆ రెండు పేజీల చోట చీమల పాఠంలో పేజీలు వచ్చి కూర్చున్నాయి. పిల్ల ఆ పుస్తకం తెరిచి పడవవాడి పాఠం మొదలుపెట్టింది. చీమల పేజీ వచ్చింది. పిల్ల ఆగలేదు. కళ్ళ ముందు చీమలున్నాయి, నోట్లో పడవ సాగిపోతూనే ఉంది. సరిగ్గా ఎక్కడ పేజీ తిప్పాలో అక్కడ తిప్పి, పడవని ఒడ్డుకి చేర్చి, పుస్తకం మూసి, "ఎలా చదివాను నాన్నా?" అని అడిగిందట.

"మీకు చూపు మందగించింది" అన్నాను.

"అలాగే అనుకో. నువ్వే చూడు."

చూశాను. అదే పుస్తకం దాని ఒళ్ళో పెట్టి, "ఏదీ, పడవవాడి పాఠం చదువు తల్లీ" అన్నాను. ఎదురుగా కూర్చోకుండా వెనక నిలబడ్డాను. అది చదివింది. "పడవవాడు తెడ్డు వేశాడు. నీళ్ళు పక్కకి తప్పుకున్నాయి." నేను చూస్తున్న పేజీలో చీమలు బారులు తీరి గింజలు మోసుకుపోతున్నాయి.

"ఈ పదం ఏంటి?" అని వేలు పెట్టి అడిగాను.

అది తలెత్తి నా మొహం చూసింది. పుస్తకం చూడలేదు, నన్నే చూసింది. నా పెదవులు ఏమైనా కదుల్తాయేమోనని చూసిందని ఇప్పుడు నాకు తెలుసు.

"బొమ్మ ఉంటే చెప్తానమ్మా" అంది చివరికి.

"మరి బళ్ళో ఎలా చదివేదానివే?"

"నువ్వు ముందు చదువుతావు కదా."

"పరీక్షలో?"

"ప్రశ్నలు వరసగా వస్తాయి కదా."

అబద్ధమేం చెప్పలేదు. పాఠం వెనకున్న ప్రశ్నలు అదే వరసలో పరీక్షకి ఇచ్చేదాన్ని నేనే. ఒకటో ప్రశ్నకి ఒకటో జవాబు, అలవాటైన ముగ్గు వేసినట్టు చూడకుండా వేసేసేది. విడిగా అడిగితే అక్షరాలు చాలా వరకు వచ్చు. నాలుగు కలిసి ఒక పదంగా నిలబడితే మాత్రం దానికి అది గోడే. నూటికి తొంభై ఆరు మార్కులు ఎర్రసిరాతో వేసి, కింద సంతకం పెట్టింది కూడా నేనే.

నిజం చెప్తాను. అప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది పిల్ల కాదు, నాలుగో తరగతి మాస్టారు.

ఆయనకో అలవాటుంది. బడి తెరిచిన మొదటి రోజే, పిల్లలెవరూ చూసి ఉండని పుస్తకమొకటి ఇంటి నుంచి తెచ్చి, ఒక్కొక్కరినీ లేపి పేజీ చదివిస్తారు. చదవలేనివాళ్ళని చెయ్యి పట్టుకుని తిన్నగా నా గదికి తీసుకొచ్చి, "మీ సరుకు మీకే టీచర్" అని దింపి వెళ్ళిపోతారు. వాళ్ళు ఇంకో ఏడాది నా దగ్గరే కూర్చోవాలి. ఏటా ఇద్దరో ముగ్గురో వచ్చేవాళ్ళు. "ఇంట్లో పట్టించుకునేవాళ్ళు లేరు సార్, మనమేం చేస్తాం" అనేదాన్ని నేను. ఎంత తేలిగ్గా అనేదాన్నో తల్చుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడు నా ఇంట్లోంచే ఆ సరుకు. నలభై నాలుగు రోజులున్నాయి.

"మీ అందరి ముందూ చెప్తున్నా, బడి తెరిచేసరికి దీనితో చదివించకపోతే నేను టీచర్నే కాదు. నా పరువేం కాను!" అని ఇంటి కప్పు లేచిపోయేలా అరిచాను. ఆయన జిగురు గిన్నె తీసుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయారు. మా అత్తగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ సాయంకాలం కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుకోవడం ఎన్నో ఏళ్ళ అలవాటు.

మర్నాటి నుంచి ఇల్లు బడైపోయింది. గోడల నిండా అట్టలు, అట్టల నిండా అక్షరాలు. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు, సాయంత్రం ఒకటి. స్కేలుతో బల్ల మీద కొట్టేదాన్ని. పిల్లని కొట్టలేదు, ఆ మాట నేను చాలాసార్లు గొప్పగా చెప్పుకున్నాను. కానీ స్కేలు లేచినప్పుడల్లా అది కళ్ళు మూసుకునేది, కళ్ళు మూసుకున్న పిల్ల ఏం చదువుతుంది? "చూడు! చూడవేం? నిన్ననేగా చెప్పాను!" ఇదే నా పాఠం. అది నా నోటి వంక చూసి ఊహించి చెప్పేది. తప్పైతే నేను అరిచేదాన్ని. అరుపుకి భయపడి ఇంకోటి ఊహించేది. పది రోజులైంది. పుస్తకం చూస్తే దానికి కడుపునొప్పి, దాన్ని చూస్తే నాకు తలనొప్పి.

పదకొండో రోజు పిల్ల కనపడలేదు. మేడమీద, వీధిలో, పక్కింట్లో ఎక్కడా లేదు. నేను ఏడుపు గొంతుతో ముందుగదిలోకి పరిగెత్తితే మా ఆయన వేలు పెదవుల మీద పెట్టుకుని, కింద చూడమని సైగ చేశారు. కుట్టుబల్ల కింద కాగితాల దొంతర్ల వెనక ముడుచుకుని ఉంది. నేనొచ్చానని దానికి తెలియదు.

"నాన్నా," అంది లోపల్నుంచి, "నేను నాలుగుకి వెళ్ళకపోతే అమ్మని బళ్ళోంచి తీసేస్తారా?"

"ఎవరన్నారే?"

"పరువు పోతుందంది కదా. పరువు పోతే ఉంచుకుంటారా మరి?"

నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కొచ్చేశాను. తర్వాత, ఏం చెయ్యాలో తోచనప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను, ఇంకొకరి మీదకి వెళ్ళాను. మా అత్తగారు కిటికీ దగ్గర పేపరుతో ఉన్నారు.

"మీరైనా ఒక్క మాట చెప్పకూడదా అత్తయ్యా? రోజంతా ఆ పేపరేనా? ఇంట్లో పిల్లకి చదువు రాలేదంటే మీకేం పట్టదా?"

ఆవిడ పేపరు దించారు. "నాకు ఏడాది నుంచీ తెలుసమ్మాయ్" అన్నారు.

ఒంటికాలి మీద లేచాను. "తెలుసా? తెలిసి నోరు మెదపలేదా?"

"చెప్తే ఏం చేసేదానివి? ఇప్పుడు చేస్తున్నావే, అదే ఏడాది ముందు చేసేదానివి."

"మీకెలా తెలిసింది?" అన్నాను.

"నువ్వు దాని నోరు వినేదానివి. నేను ఎదురుగా కూర్చుని కళ్ళు చూసేదాన్ని. నోరు పరిగెడుతుంది, కళ్ళు ఉన్నచోటే ఉంటాయి." ఆవిడ పేపరు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. "నావీ అంతే. కదలవు."

ఆవిడ నా వైపు చూడకుండానే చెప్పారు. "అంకెలు వచ్చు. అక్షరాలు ఎవరూ చెప్పలేదు. మీ మామయ్యగారు పేపరు చదువుతుంటే పక్కన కూర్చునేదాన్ని, ఎక్కడ తిప్పుతారో, ఎక్కడ నవ్వుతారో చూసేదాన్ని. ఆయన పోయాక మానేద్దామనుకున్నా. ఈలోపు నువ్వొచ్చావు, టీచరు కోడలివి. రోజూ టీతో పాటు పేపరు తెచ్చి చేతికిచ్చేదానివి. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతావుగా? అందుకని పట్టుకున్నా."

పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళు నేనే ఆ పేపరు అందించాను. ఇరవై ఏళ్ళుగా చదువు చెప్తున్నదాన్ని, ఇంట్లో ఇద్దరు నా కళ్ళ ముందే చదువుతున్నట్టు కూర్చున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి కాసేపు ఏడ్చాను కూడా. ఆవిడ ఓదార్చలేదు. అయ్యాక, "మొహం కడుక్కురా" అన్నారు. కడుక్కొచ్చాక, "ఆ పిల్లని నాకు అప్పజెప్పు. నువ్వు గదిలో ఉండొద్దు" అన్నారు.

"మీకు రాదు కదా!" అనేసి నాలిక కరుచుకున్నాను.

"రాదు కాబట్టే అడుగుతున్నా."

ఆవిడ పెట్టిన షరతులు రెండు. గోడల మీద అట్టలన్నీ పీకెయ్యాలి. పిల్ల రోజూ ఆవిడకి చెప్పే కబుర్లు నేను పక్కగదిలోంచి విని, అది అన్నది అన్నట్టే రాసివ్వాలి. "దిద్దకు. బాగుండాలని నీ సొంత పైత్యం కలపకు" అన్నారు.

మొదటి రోజు నేను రాసింది ఇంకా నా దగ్గరుంది: "అమ్మ అరుస్తుంది. అరిచాక టీ తాగుతుంది. నాన్న చేతికి జిగురు ఉంటుంది. జిగురు ఉంటే నన్ను ఎత్తుకోడు. నానమ్మ పేపరు చూస్తుంది." మొదటి వాక్యం రాయడానికి చెయ్యి రాలేదు. రాశాను. మా ఆయన కత్తిరించగా మిగిలిన కాగితం ముక్కల మీద పెద్ద పెద్ద అక్షరాలతో, పేజీకి ఒక్క వాక్యం చొప్పున. ఆయన వాటికి నీలం అట్ట వేసి, అరచేతిలో పట్టే పుస్తకం చేశారు. పిల్ల చేతికిచ్చి, "నీ పుస్తకం" అన్నారు.

అది తిప్పి తిప్పి చూసుకుంది. వాళ్ళ నాన్న ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, మధ్యాహ్నానికల్లా గడగడా మొదలుపెట్టేసింది. అయ్యో, మళ్ళీ మొదటికొచ్చాం అని నేను తల పట్టుకున్నాను. అప్పుడు మా ఆయన చేసిన పని నాకు ఇరవై ఏళ్ళలో తట్టలేదు. సాయంత్రం ఆ పుస్తకం తీసుకుని, దారం విప్పి, పేజీలు అటూ ఇటూ కలిపి, మళ్ళీ కుట్టి దాని ఒళ్ళో పెట్టేశారు. ఈసారి కావాలనే తప్పు కుట్టారు. పేజీల మీద అంకెల్లేవు, బొమ్మల్లేవు. ఏ వాక్యం ముందొస్తుందో రాసిన నాకే తెలియదు.

పిల్ల తెరిచి, "అమ్మ అరు..." అని ఆగిపోయింది. అక్కడ ఉన్నది వేరే వాక్యం. మొదటిసారి దాని కళ్ళు కిందికి దిగాయట, మా అత్తగారే చెప్పారు. నేను వంటింట్లో ఉన్నాను. వినడమే.

"నా...న్న. నాన్న. చే...తి...కి. నాన్న చేతికి..." తర్వాత నిశ్శబ్దం. "నానమ్మా, ఈ పదం ఏంటి?"

"నాకేం తెలుసే? నాకు చదవడం రాదు. నువ్వే చూసి చెప్పాలి."

"నీకు రాదా?"

"రాదు. ఊరికే పట్టుకుంటా. నీలాగే."

ఆ మాట అంత మామూలుగా, వంటలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పేశారు ఆవిడ. పన్నెండేళ్ళు నా దగ్గర దాచిన మాట. నిశ్శబ్దం సాగుతూనే ఉంది. నాకు ఆ పదం గొంతు దాకా వచ్చింది. వెళ్ళి చెప్పేద్దామని రెండడుగులు వేశాను కూడా. నోట్లో పైట చెంగు కుక్కుకుని గోడకి ఆనుకున్నాను.

"జి...గు...రు" అంది పిల్ల. మళ్ళీ, "జిగురు! నానమ్మా, జిగురు! నాన్న చేతికి జిగురు!"

"ఉంటుందా?"

"ఉండు, చూస్తున్నా కదా."

ఆ తర్వాత రోజుకో చిన్న పుస్తకం. ఒక్కటి చెప్పాలి, అది చదివేటప్పుడు పక్క వరసల్లోకి జారిపోయేది. మా ఆయన ఒక అట్టముక్కకి మధ్యలో సన్నని కిటికీ కోసిచ్చారు. పేజీ మీద పెడితే ఒక్క వరసే కనిపిస్తుంది. దాన్ని జరుపుకుంటూ చదివేది. తప్పు చదివితే నానమ్మ "అలా అంటే ఏంటే?" అని అడిగేవారు. అర్థం కుదరకపోతే పిల్లే వెనక్కి వెళ్ళి చూసుకునేది. దిద్దేవాళ్ళెవరూ లేరు గనక తనే దిద్దుకోవాల్సి వచ్చింది. నేను బియ్యం ఏరుతూ, గిన్నెలు తోముతూ, నోరు కట్టేసుకుని నేర్చుకుంటున్నాను. టీచరు ట్రైనింగులో ఎవరూ నాకు నోరు మూసుకోవడం నేర్పలేదు.

బడికి తొమ్మిది రోజులుందనగా పిల్ల వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నువ్వూ వినొచ్చు. కానీ మాట్లాడకూడదు" అంది. వెళ్ళి కూర్చున్నాను. అది చదివింది. ఒక్కో పదం ఒక్కో బావి తవ్వినట్టు. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయి మళ్ళీ వెనక్కి. పాత గడగడమ్మ ఎక్కడ, ఇదెక్కడ! నాలుగో తరగతి మాస్టారు దీన్ని పేజీ దాకా రానిస్తారా? కానీ మాట్లాడకూడదు కదా. తలూపాను. అది నా మొహం చూడనేలేదు, పుస్తకం చూస్తోంది.

బడి తెరిచారు. నా కొత్త మూడో తరగతికి చూసి రాయమని ఏదో ఇచ్చేసి, వెళ్ళి నాలుగో తరగతి కిటికీ పక్కన వరండాలో నిలబడ్డాను. మాస్టారు నన్ను చూశారు. ఒక్కొక్కరే లేచి చదువుతున్నారు. మా అమ్మాయి వంతొచ్చింది. "గడగడమ్మా, రా" అన్నారు ఆయన. పిల్లలంతా సర్దుకుని కూర్చున్నారు, వింత చూడబోతున్నట్టు.

అది జేబులోంచి అట్టకిటికీ తీసి పేజీ మీద పెట్టుకుంది.

"కొండ... మీది... ఇంటికి... దా...రి... దారి లేదు." ఊపిరి. "అయినా... ముస...లాయన..."

వెనక బల్లలో ఎవడో కిసుక్కుమన్నాడు. "గడగడమ్మ నత్తమ్మ అయిందిరా!" మాస్టారు చెయ్యెత్తారు, గది సద్దుమణిగింది.

అది నాలుగో వరసలో ఆగింది. ఒక పదం దగ్గర. నాకు కిటికీలోంచి దాని వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆగి, ఆగి, అటూ ఇటూ కదిలి, తలెత్తి మాస్టారి మొహంలోకి చూస్తుందనుకున్నాను. చూడలేదు.

"సార్, ఈ పదం రాలేదు. ఇంకోసారి చూసుకోనా?" అంది.

"చూసుకో."

చూసుకుంది. వచ్చింది. మిగతా పేజీ చదవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను, మధ్యలో నా తరగతి పిల్లలు ఇద్దరు వచ్చి రాయడం అయిపోయిందని చెప్పి వెళ్ళారు.

ఆయన బయటికొచ్చారు. "ఏంటి టీచర్, సెలవుల్లో పిల్లకి జ్వరమేమైనా వచ్చిందా? ఎంత బాగా చదివేది!"

జ్వరం. ఎంత మంచి మాట అందించారు! అవునండీ, నెలరోజులు మంచమ్మీదే ఉందండీ అంటే అయిపోయేది. పిల్లకి జాలి, నాకు పరువు, రెండూ దక్కేవి. నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదు సార్," అన్నాను. "అప్పుడు చదవలేదు. నేను చదివింది అప్పజెప్పేది, అంతే. నాకే తెలియలేదు. ఇప్పుడు చదువుతోంది."

ఆయన నన్నొకసారి, కిటికీలోంచి దాన్నొకసారి చూశారు. "రాని పదం దగ్గర ఆగింది. పొద్దున్నించి ఆగినవాళ్ళు లేరు, అందరూ ఏదో ఒకటి అనేసి వెళ్ళిపోయేవాళ్ళే. నా దగ్గరే ఉండనివ్వండి. నెమ్మదిగా వస్తుంది" అన్నారు. వెంటనే ఆయన ధోరణిలో ఆయన, "ఇద్దరున్నారు గానీ, వాళ్ళు మాత్రం మీ సరుకే" అన్నారు.

"పంపండి సార్, నా సరుకే" అన్నాను. ఇంట్లో పట్టించుకోరని అనలేదు. ఆ ఇద్దరి చేతులూ పట్టుకుని నా గదికి నడిచాను.

నా తరగతి పుస్తకాలు తెరుచుకుని, గొంతులు సవరించుకుని కూర్చునుంది. నేను ఎప్పుడు మొదలుపెడతానా, ఎప్పుడు అందుకుందామా అని నలభై మొహాలు నా పెదవుల వంకే చూస్తున్నాయి. ఆ చూపు నాకు ఇప్పుడు తెలుసు. నా పుస్తకం మూసేశాను. ఒక్కొక్కరినే దగ్గరికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, మెల్లగా చదవమన్నాను. సాయంత్రానికి సగం మందే అయ్యారు. అందులో తొమ్మిది మందికి చదవడం రాదు. ఇంటికొస్తుంటే మందుల షాపాయన బయటికొచ్చి, "ఇవాళ పదకొండు కాలేదేంటండీ టీచరుగారూ?" అన్నాడు. ఇక కాదన్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన ఆలస్యమైపోయిన బడి పుస్తకాల ఆఖరి మూట కడుతున్నారు. అడుగున దాచిపెట్టిన ఆ పడవ పుస్తకం తీసి, విప్పి సరిగ్గా కుడదామని దారం మీద కత్తెర పెట్టారు. పిల్ల సంచీ కింద పడేసి వచ్చి ఆ పుస్తకం ఆయన చేతిలోంచి లాక్కుంది. వెళ్ళి కిటికీ దగ్గర నానమ్మ పక్కన కూర్చుంది. నేను టీ పెడుతూ విన్నాను.

పడవవాడు తెడ్డు పట్టుకున్నాడు. నెమ్మదిగా, ఒక్కో పదం. పడవ ఒడ్డు వదిలింది. పేజీ తిప్పిన చప్పుడు. ఆగిపోయింది.

"ఆ తర్వాత?" అన్నారు మా అత్తగారు. "పడవేమైందే?"

"పడవ లేదు నానమ్మా." చాలాసేపు చూసుకుని చెప్పింది. "నాన్న తప్పు కుట్టాడు. ఇక్కడ చీమలున్నాయి."

ముందుగదిలో కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"చీమలా? ఏదీ, ఎక్కడ?"

"ఇదిగో. ఇది చీ. ఇది మ."

"ఇదేనా?"

"ఆ. నీ వేలు పెట్టు."

నేను చూడాలనుకున్నాను. గ్లాసుల్లో టీ పోసుకుని వెళ్ళినా సరిపోయేది. వెళ్ళలేదు, వంటింట్లోనే నిలబడ్డాను.

"చీ...మ" అన్నారు మా అత్తగారు.